మేం చప్పట్లు కొట్టిన చట్టం

పొడుగన్న చనిపోయిన పూట నేను సీసాలు చూస్తున్నాను. మా ఆడవాళ్ళ పని అదే. బెల్టు మీద వరసగా వచ్చే సీసాలను లైటు ముందు తిప్పి చూసి, పగులున్నవాటినీ బుడగలున్నవాటినీ తీసి తొట్టిలో పడెయ్యాలి. తల తిప్పామంటే సూపర్‌వైజరు నోటికొచ్చినట్టు తిడతాడు. అలాంటిది ఆ పొద్దున అందరం ఒక్కసారే తల తిప్పాం. కొలిమి వైపు నుంచి ఒక కేక వినిపించింది. అందులో మాటల్లేవు.

పరుగెత్తాం. కొలిమి పక్కగోడలో ఇటుక ఒకటి ఊడిపోయింది. ఆ కంతలోంచి కరిగిన గాజు తేనెలా నిదానంగా దిగుతోంది. దాని కింద పొడుగన్న ఉన్నాడు. ఉన్నాడని అనకూడదు, అప్పటికే లేడు.

ఆయనది గోడకాపలా. కొత్త కొలిమికి అలాంటి ఉద్యోగం ఉండదు. మా కొలిమికి ఎప్పుడో ఏళ్ళు నిండిపోయాయి. లోపల గాజు ఉడికి ఉడికి ఇటుకలు అరిగిపోయి, గోడ బయటికి ఎర్రగా కనిపించసాగింది. అలాంటి కొలిమిని దించెయ్యాలి. మంట ఆపి, గాజంతా వంపేసి, గోడలు మళ్ళీ కట్టాలి. దానికి నెలలు పడుతుంది, సీసాలు ఆగిపోతాయి. అందుకని యజమాని గోడ పక్కన ఒక మనిషిని నిలబెట్టి చేతికి నీళ్ళ పైపు ఇచ్చాడు. ఎక్కడ ఎర్రబడితే అక్కడ తడపాలి. గోడకంటే మనిషి చవక కదా!

మేనేజరు వచ్చాడు. పొడుగన్న వంక చూడనైనా లేదు. "మంట తగ్గనివ్వకండి! గోడకి నీళ్ళు కొట్టండి!" అని గొంతు చించుకున్నాడు. పొడుగన్న చేతిలోంచి జారిన పైపును మా ఆయన అందుకున్నాడు. అందుకోకపోతే ఇంకో నలుగురు పోయేవాళ్ళు. గాజు గడ్డకట్టింది, కంత పూడింది, శవం మీద గోనెపట్టా కప్పారు. బెల్టు మాత్రం ఆగలేదు. "చూసింది చాలు, పదండి, సీసాలు కింద పడిపోతున్నాయి" అని సూపర్‌వైజరు మమ్మల్ని తోలాడు. వెళ్ళాం కూడా. ఏడుస్తూనే సీసాలు చూశాం.

మధ్యాహ్నానికి మా ఎమ్మెల్యే కారు గేటు ముందు ఆగింది. మా ఎమ్మెల్యే అంటే నాకు తోడబుట్టిన అన్న. ఊరందరికీ నిప్పన్న.

ఆ పేరెలా వచ్చిందో మా కథ రాసుకోవడానికొచ్చిన మీ విద్యార్థులకి చెప్పాలి, మా కష్టాలకి మొదలు అక్కడే ఉంది. అన్న కూడా ఈ కొలిమి దగ్గరే పనిచేశాడు. ఇసుక మోశాడు, మంట చూశాడు, ముంజేతుల మీద మచ్చలు ఇప్పటికీ ఉన్నాయి. పనిలో కాలినవాళ్ళని యజమాని ఇంటికి తోలేస్తున్నాడని మొదటిసారి సమ్మెకు దిగిన రోజు, కోపంమీదున్నవాళ్ళు కొలిమి ఆర్పేద్దామని లేచారు. అన్న ఒక పీపా మీదికెక్కాడు. "పొయ్యి ఏం చేసిందిరా మనకి? మన చేతుల్తో పెంచిన నిప్పది. దాన్ని ఆర్పేవాడు పనివాడే కాదు. సమ్మె చేద్దాం, నిప్పు మాత్రం కాపాడదాం!" అన్నాడు. మాకు ఒళ్ళు పులకరించింది. సమ్మె నడిచినన్నాళ్ళూ ఒక బ్యాచి జీతం లేకుండా లోపలికి పోయి మంట చూసుకునేది. ఊరంతా మెచ్చుకుంది. పత్రికలవాళ్ళు ఫొటోలు తీశారు. యజమాని అప్పట్లో కొత్తవాడు, పరువుకు భయపడి దిగొచ్చాడు. అన్న నిప్పన్న అయ్యాడు. నిప్పు కాపాడడం మాకు ఒట్టు అయింది.

ఎన్నికలొచ్చాయి. చెప్పులరిగేలా తిరిగి గెలిపించుకున్నాం. మొదటి దఫాలో అన్న లేచి నిలబడితే చాలు, స్పీకరు మైకు కట్ చేయించేవాడు. ఒకసారి మార్షల్స్ ఎత్తుకొచ్చి బయట పడేశారు. చినిగిన చొక్కాతో బస్సు దిగినవాణ్ణి మేం భుజాల మీద ఊరేగించాం. రెండో దఫాలో మైకు కట్ చేయాల్సిన అవసరం ఎవరికీ రాలేదు. మూడో దఫాకి అధికార పార్టీలో చేరాడు. "బయట నిలబడి అరిస్తే ఏం లాభం చెల్లీ, లోపలుండి పోరాడాలి" అన్నాడు. కార్మిక వ్యవహారాల కమిటీకి ఛైర్మన్ చేశారు. చొక్కా తెల్లబడింది, ఇల్లు మేడయింది, ఫోను చేస్తే పీఏ ఎత్తడం మొదలుపెట్టాడు. అయినా మనవాడు పైనున్నాడు, మనకేం లోటని గుండెల మీద చెయ్యేసుకుని పడుకున్నాం.

ఈలోగా చేసిన ప్రతి సమ్మెలోనూ ఓడిపోయాం. ఎందుకు గెలుస్తాం? సమ్మె చేసేదీ మేమే, కొలిమి ఆరకుండా చూసేదీ మేమే! యజమాని కాళ్ళు చాపుకుని ఇంట్లో కూచునేవాడు. మా ఇళ్ళలో పొయ్యి వెలిగేది కాదు, వాడి పొయ్యి ఆరేది కాదు. చివరికి ఆకలికి ఆగలేక మేమే తలలు వంచుకుని లోపలికి పోయేవాళ్ళం. మా కష్టం ఎక్కడుందో మాలో ఒక్కరికీ తట్టలేదు. నిప్పు కాపాడేవాళ్ళమని గొప్పలకు పోయాం.

ఆ మధ్యాహ్నం అన్న కారు దిగి, గోనెపట్టా తీసి చూసి, నిజంగానే ఏడ్చాడు. అబద్ధం ఎందుకు చెప్పాలి. వాళ్ళిద్దరూ ఒకప్పుడు ఒకే షిఫ్టు. పొడుగన్న భార్యని మేమంతా పొడుగొదిన అంటాం. ఆమె చేతులు పట్టుకుని, "వదినా, నేనున్నాను" అన్నాడు.

మా ఆయన ముందుకొచ్చాడు. మామూలుగా నాలుగు మాటలడిగితే ఒకటి చెప్పే మనిషి. "బావా, కొలిమి దించాలి. దించి కట్టినన్నాళ్ళూ మాకు సగం జీతమన్నా ఇవ్వాలి. ఇంకేమీ అడగడం లేదు."

"దించుతారు బావా. ఈ ఒక్క సీజన్ కానివ్వండి. ఎండాకాలం ఆర్డర్లు చేతిలో ఉన్నాయట, నేను మాట్లాడాను."

"గోడ సీజన్ దాకా ఆగుతుందా? నువ్వు కొలిమి మనిషివి, నువ్వే చూసి చెప్పు."

అన్న లోపలికి రాలేదు. "సభలో లేవనెత్తుతాను. మీరు మాత్రం తొందరపడి నిప్పు జోలికి పోకండి" అన్నాడు. జనం తలలూపారు. ఏళ్ళ అలవాటు, ఊపడం ఒకటే తెలుసు.

మర్నాటి నుంచి గోడకాపలా మా ఆయనకి వేశారు.

ఇంక నా సంగతి ఏం చెప్పను? బెల్టు ముందు నిలబడితే సీసా కనపడదు, ఆ గోడే కనపడుతుంది. కొలిమి ముందు దించుతారా, గోడ ముందు పగులుతుందా? గోడ ముందు పగిలితే నా మనిషి ఉండడు. పిల్లలకి అన్నం పెడుతున్నా అదే, నీళ్ళు మోస్తున్నా అదే. సాయంత్రం ఆయన ఇంటికొస్తే ముందు మొహం చూసేదాన్ని కాదు, చేతులూ కాళ్ళూ చూసేదాన్ని. "ఏమే, నన్ను కూడా సీసాలా తిప్పి చూస్తావా?" అని నవ్వేవాడు. నాకు నవ్వు రాలేదు. పైపు నీళ్ళు గోడకి తగలకముందే ఆవిరైపోతున్నాయని ఆయనే చెప్పాడు.

పొడుగొదినని వెంటబెట్టుకుని అన్న ఇంటికి వెళ్ళాను. వరండా నిండా జనం, ప్లాస్టిక్ కుర్చీలు, గోడ మీద అన్న ఫొటోలు. సొంత చెల్లెల్నైనా కూచోబెట్టారు. పొద్దెక్కాక లోపలికి పిలిచారు. అన్న భోజనం చేస్తున్నాడు.

"తిన్నావా చెల్లీ?"

"తినడానికి రాలేదన్నా. గోడ ఇవాళో రేపో అన్నట్టుంది. మీ బావ దాని పక్కన నిలబడుతున్నాడు. నువ్వు సభలో అడిగావా?"

అన్న ఇంకో ముద్ద కలిపాడు. "సందర్భం రావాలి కదా."

"నీకు సందర్భం వచ్చేలోగా మాకు శవం వస్తుంది. పోనీ, నువ్వేమీ చెయ్యొద్దు. మేమే మంట ఆపేసి బయటికొస్తాం."

అన్న చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. "పిచ్చి మాటలు మాట్లాడకు. చట్టం ఉంది. మంట ఆపితే లోపలేస్తారు."

"ఏం చట్టం?"

"ఏం చట్టమేమిటి? ఆ రోజు మీరంతా అసెంబ్లీ గ్యాలరీలోనే ఉన్నారుగా. చప్పట్లు కూడా కొట్టారు."

అవును, వెళ్ళాం. బస్సు పెట్టించి మరీ పిలిపించాడు. ఉతికిన బట్టలు కట్టుకుని వెళ్ళి, ఆ మెత్తటి కుర్చీల్లో కూచోవడానికి సిగ్గుపడుతూ కూచున్నాం. కింద అన్న లేచి మా గురించే మాట్లాడాడు. "మా కార్మికులు సమ్మెలో ఉండి, పస్తులుండి కూడా కొలిమి ఆరనివ్వలేదు అధ్యక్షా! ఆ గొప్ప సంప్రదాయం ప్రతి ఫ్యాక్టరీలోనూ ఉండాలి అధ్యక్షా!" అన్నాడు. పొడుగన్న కళ్ళు తుడుచుకున్నాడు. సభ్యులంతా చేతులెత్తారు, అన్న కూడా ఎత్తాడు. మేం చప్పట్లు కొట్టాం, గ్యాలరీలో కొట్టకూడదని కాపలావాడు కసిరితే నవ్వుకున్నాం. ఆ చేతులు దేనికెత్తారని ఒక్కరమూ అడగలేదు. మేం ఇష్టపడి పెట్టుకున్న ఒట్టుని మా మెడకే ఉరితాడు చేశారు. కొలిమి మంట ఆపినవాడికి జైలు. సమ్మెలో ఉన్నా సరే, గోడ పగులుతున్నా సరే.

"నువ్వు చెయ్యెత్తావా అన్నా?"

"పార్టీ నిర్ణయం. నేనొక్కణ్ణి ఎత్తకపోతే ఆగిపోయేదా?"

అప్పుడు పొడుగొదిన అంది: "మా ఆయన అందరికంటే గట్టిగా కొట్టాడయ్యా చప్పట్లు. ఇంటికొచ్చి కూడా అదే చెప్పాడు, నిప్పన్న మన గురించి ఎంత బాగా మాట్లాడాడే అని."

అన్న కంచం పక్కకి నెట్టేశాడు. మమ్మల్ని కారులో దింపిస్తానన్నాడు. నడిచే వచ్చాం.

మరుసటి రోజు ఆదివారం, షిఫ్టు మారే వేళకి మా ఇళ్ళ లైన్ల మధ్య ఖాళీ జాగాలో మీటింగు పెట్టాం. సంగతి చెప్పాను. మొదట ఎవరూ నమ్మలేదు. నమ్మాక ఒకటే గోల. "తోడబుట్టినదానివి, నీకు తెలీదా?" అని నా మీదే ఎగబడ్డారు కొందరు.

లారీలకి సరుకెత్తే తాత కర్ర పట్టుకుని లేచాడు. "కొలిమి ఆరిందంటే లోపల గాజు బండరాయైపోతుంది. గోడలు పగుల్తాయి. మళ్ళీ కడతాడో కట్టడో! ఈ ఊళ్ళో ఇంకో పని లేదు. ఏం తిని బతుకుతారు? మన పొయ్యి మనమే ఆర్పుకుంటామా?"

"మన పొయ్యా?" ప్యాకింగు ఆడమనిషి ఒకామె విరుచుకుపడింది. "మన పొయ్యైతే మన శవాలెందుకు లేస్తున్నాయి?"

"జైల్లో వేస్తే పిల్లల్ని నువ్వు సాకుతావా?"

"సాకుతాను! అడుక్కొచ్చి సాకుతాను!"

"నిప్పన్నని ఇంకోసారి అడుగుదాం..."

"వాడి పేరెత్తావంటే నాలిక చీరేస్తా."

కొట్టుకునేదాకా వచ్చింది. అప్పుడు మా ఆయన లేచాడు. ఆయన లేస్తే గోల తగ్గింది. ఎందుకంటే ఆ వారమంతా గోడ పక్కన నిలబడింది ఆయనే.

"తాత చెప్పింది నిజం. ఆరితే మనకి కూడులేదు. నేను కాదనను. రేపు పొద్దున షిఫ్టుకి నేను పోను. నాకు భయంగా ఉంది. కాపలా ఎవరో ఒకరు చెయ్యాలి కదా. నా బదులు ఎవర్ని పంపుదామో మీరే పేరు చెప్పండి. మీరు చెప్పిన మనిషి చేతికి పైపు నేనే ఇస్తాను."

ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మనిషి మొహంలోకి చూస్తూ అతని పేరు ఎలా చెబుతారు? తాత నోరు తెరిచి, మళ్ళీ మూసుకుని, కూలబడి ఏడ్చాడు. "వద్దురా, ఎవర్నీ పంపొద్దు. ఆరిపోనీ దాన్ని" అన్నాడు.

అదే మా తీర్మానం. చేతులెత్తింది లేదు, చప్పట్లు కొట్టింది లేదు.

సోమవారం పొద్దున అందరం ఒక్కసారి బయటికొచ్చేశాం. నిప్పు కాపాడే బ్యాచి కూడా వచ్చేసింది. మా ఆయన మూలమూలలా తిరిగి, ఊడ్చేవాళ్ళనీ, బాత్రూముల్లో ఉన్నవాళ్ళనీ, మేనేజరునీ సూపర్‌వైజరునీ కూడా బయటికి తోలి, అప్పుడు తనొచ్చాడు. గేటు ముందు కూచున్నాం. తడిపేవాడు లేక గోడ ఇంకా ఎర్రబడుతోంది. తెరిచిన షెడ్డు తలుపుల్లోంచి మాకు కనపడుతూనే ఉంది.

పోలీసు వ్యాన్లొచ్చాయి. వాటి వెనక ఒక లారీ నిండా మనుషులు. యజమానికి ఇంకో ఊళ్ళో ఉన్న గాజు ఫ్యాక్టరీ వాళ్ళు. రిపేరు పనుందని చెప్పి ఎక్కించుకొచ్చారట పాపం. చివర్న అన్న కారు.

అన్న కారు పక్కన నిలబడి మైకు పుచ్చుకున్నాడు. "తమ్ముళ్ళారా, చెల్లెళ్ళారా! నేను మీవాణ్ణి! ఈ నిప్పుని కాపాడినవాణ్ణి! ఎవరి మాటలో విని మీ కొంప మీరే కూల్చుకోకండి!"

"గోడ మాట చెప్పు!" అని అరిచింది పొడుగొదిన.

"గోడకి ఏమీ కాలేదు. ఇంజనీర్లు చూశారు."

మేం లారీవాళ్ళ వంక తిరిగి గొంతులు పోయేలా అరిచాం. లోపలికి పోవద్దు, చస్తారు, మొన్ననే ఒక మనిషి పోయాడు. ఇన్‌స్పెక్టరు లాఠీలతో దారి చేయించాడు. లారీ దిగినవాళ్ళు గేటు దాటి నాలుగడుగులు వేసి ఆగారు. వాళ్ళ ముఠామేస్త్రి, పొట్టిగా గట్టిగా ఉన్న మనిషి, షెడ్డులోకి చూశాడు. వాడూ కొలిమి మనిషే. చూస్తే తెలీదా? వెనక్కొచ్చి అన్న ముందు నిలబడ్డాడు.

"అయ్యా, గోడ గట్టిదేనా?"

"గట్టిదే."

"తమరు ఈ కొలిమి దగ్గరే పనిచేశారంట గదా?"

"పదేళ్ళు చేశాను. అందుకే చెబుతున్నాను."

"అయితే తమరు ముందు నడవండి. గోడ పక్కన తమరు నిలబడితే, పైపు మేం పట్టుకుంటాం."

అన్న చుట్టూ చూశాడు. వెనక్కి పోవడానికి వీల్లేదు, అందరూ చూస్తున్నారు. మైకు ఎవరి చేతికో ఇచ్చి గేటు దాటాడు. షెడ్డు వైపు నడిచాడు. తెల్ల చొక్కా వీపు చెమటతో అతుక్కుపోయింది. నాకు కోపమంతా ఎక్కడికి పోయిందో! చిన్నప్పుడు నన్ను చంకనేసుకుని తిప్పినవాడు. "పోవద్దన్నా! అన్నా, పోవద్దు!" అని గేటు ఊచలు పట్టుకుని ఏడ్చాను.

షెడ్డు గుమ్మంలో ఆగాడు. ఆ వేడి మొహానికి కొట్టి ఉంటుంది. గోడ చూశాడు. ఎంతసేపు చూశాడో. వెనక్కి తిరిగి వచ్చేశాడు. వచ్చేటప్పుడు ఎవరి మొహమూ చూడలేదు.

ముఠామేస్త్రి నవ్వలేదు, తిట్టలేదు. భుజం మీది తువ్వాలు దులిపి, నేల మీద పరుచుకుని, మా పక్కన కూచున్నాడు. వాడి వెనకవాళ్ళంతా కూచున్నారు.

మధ్యాహ్నం దాటాక గోడ పోయింది. ఒక మూల నుంచి పెళపెళమని ఊడి, గాజంతా షెడ్డు నేల మీదికి వచ్చింది. మా ఆయన నిలబడే చోటు, నీళ్ళ తొట్టి, సీసాల బెల్టు మొదలు, అన్నీ దాని కింద కలిసిపోయాయి. అక్కడ మనిషి లేడు. ఒక్క మనిషి కూడా లేడు. నేను మా ఆయన చొక్కా రెండు చేతులా పట్టుకుని వదల్లేదు. తాత మాత్రం చేతుల్లో మొహం పెట్టుకుని, "పోయింది, మన బతుకు పోయింది" అంటూనే ఉన్నాడు. రెండూ నిజమే. ప్రాణాలు దక్కాయి, కూడు పోయింది.

ఇన్‌స్పెక్టరు మా ఆయననీ, మంట చూసే బ్యాచి మొత్తాన్నీ వ్యాను ఎక్కించాడు. నిప్పు ఆర్పిన నేరం. ఆడవాళ్ళం చక్రాల ముందు పడుకున్నాం. జుట్టు పట్టి ఈడ్చారు, పొడుగొదిన చెయ్యి విరిగింది. అన్న కారు అద్దాలు ఎత్తేసి ఉన్నాయి. ఆ వారమే సభలో లేచి, తన అప్రమత్తత వల్ల పెద్ద ప్రాణనష్టం తప్పిందని చెప్పాడట. సభ్యులు బల్లలు చరిచారట. ఇవాళ మంత్రి. ఇది రాసుకుంటున్న విద్యార్థులు ఆ మాట కూడా రాసుకోండి, కథల్లోలాగా దొంగకి శిక్ష పడలేదని.

కొలిమి మళ్ళీ కట్టలేదు. లైన్లలో ఒకపూట తిండి. కొందరు ఊళ్ళు పట్టిపోయారు. మిగిలినవాళ్ళం ఇంటికో పిడికెడు బియ్యం ఒకచోట పోసి, అందరి పిల్లలకీ ఒకే గంజి కాస్తున్నాం. జైల్లో ఉన్నవాళ్ళని చూడ్డానికి వంతులవారీగా వెళ్తున్నాం.

నా వంతు వచ్చిన రోజు మా ఆయనతో ఊచల దగ్గర మాట్లాడుతుంటే, పక్కన ఎవరో వచ్చి నిలబడ్డారు. ముఠామేస్త్రి. ఎంత దూరం నుంచి వచ్చాడో, కాళ్ళనిండా దుమ్ము.

"అన్నా, మా కొలిమి గోడ కూడా ఎర్రబడింది. మా తమ్ముణ్ణి కాపలా వేశారు. మా ఎమ్మెల్యే కూడా సీజన్ అయ్యేదాకా ఆగమంటున్నాడు. మీరెట్లా చేశారో చెప్పు."

మా ఆయన ఊచల దగ్గరికి జరిగాడు. "అందరూ ఒక్కసారే బయటికి రండి. లోపల పిల్లి కూడా మిగలకుండా చూసుకోండి. ఆడవాళ్ళకి ముందే చెప్పండి, వాళ్ళు లేకపోతే రెండోరోజుకే లొంగిపోతారు. ఆకలి ఉంటుంది. అది ఉండదని ఎవరికీ అబద్ధం చెప్పకు."

"అట్లాగే." వాడు కాసేపు నసిగాడు. "మరి జైలు ఎట్లా ఉంటుంది?"

మా ఆయన నా వంక చూసి, వాడి వంక చూశాడు. "కొలిమి మనుషులం కదరా, మనకేం" అన్నాడు. "చల్లగా ఉంటుంది."

వాడు పగలబడి నవ్వాడు. కాపలా పోలీసు లాఠీతో ఊచల మీద కొట్టినా ఆగలేదు. నేనూ నవ్వాను, ఎన్నాళ్ళకో.

ఆ నెల తిరక్కముందే వాళ్ళ బ్యాచి మొత్తాన్నీ అదే జైలుకి తెచ్చారు. చోటు చాలక వరండాలో పడుకోబెట్టారట. వాళ్ళ కొలిమి ఆరిపోయింది. అక్కడ కూడా ఎవరూ చావలేదు.